మూడో బొమ్మలో నీళ్ళ పైపు

"పేపరు ఎట్లా పంపాలి మేడం?" అని ఇప్పటికీ నెలకు ఒకరిద్దరు ఫోన్ చేస్తుంటారు. పేపరంటే పొద్దున్నే గుమ్మంలో పడేది కాదు, పరిశోధన చేసినవాళ్ళు తమ ఫలితాలు రాసి జర్నల్‌కు పంపే వ్యాసం. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నా దగ్గర ఏదో కిటుకు ఉందని వాళ్ళ నమ్మకం. కిటుకులేం లేవర్రా. ఏ బటన్ నొక్కాలో జర్నల్ వాళ్ళ వెబ్‌సైటే చెప్తుంది. అది చెప్పని సంగతి ఒకటుంది, అది నేను చెప్తాను. విని నవ్వుకోండి. నన్ను చూసే నవ్వుకోండి, నాకేం ఫర్లేదు.

నా దగ్గర ఆఖరున పీహెచ్‌డీ చేసిన పిల్ల మా కాలేజీలోనే కాంట్రాక్టు లెక్చరరు. వాళ్ళ నాన్నకు బస్టాండు వెనక వీధిలో మోటార్లు రీవైండింగు చేసే కొట్టుంది. నేనెప్పుడు కనపడ్డా ఆయనది ఒకటే మాట. "మేడం, మా ఇంట్లో అందరం రాగి తీగ చుట్టినోళ్ళమే. ఇదొక్కతే పుస్తకం పట్టింది. జర గట్టెక్కించండి."

ఆ పిల్ల తీసుకున్న విషయం మిరప. గురజాల అవతల ఒక ముసలి రైతు దగ్గర పాత నాటు విత్తనం దొరికింది. నీళ్ళు లేకపోయినా తట్టుకుంటుందని ఆయన చెప్పాడు. ఆ మాట నిజమో కాదో తేల్చాలి. పన్నెండు మడులు. ఆరింట్లో నాటు మిరప, ఆరింట్లో కంపెనీ మిరప. ఒక్కో రకంలో మూడు మడులకు మామూలుగా నీళ్ళు, మూడింటికి పూత వేళ ఇరవై రోజులు చుక్క నీళ్ళు లేకుండా ఆపడం. ఎవరు ఎండకు తట్టుకుంటారో చూడటం. ఇంతే ప్రయోగం. దీన్నే జర్నల్ కోసం రాసేటప్పుడు పదహారు పేజీలు చేస్తాం.

మా కాలేజీ తోటలో మేకలు తినని మొక్క ఒక్క క్రోటన్సే. అందుకని శావల్యాపురం అవతల ఒక ఊళ్ళో, రోడ్డు పక్కనే, అన్నయ్య చేలో అరెకరం అడిగాను. అన్నయ్యంటే సొంత అన్నయ్య కాదు. మా ఆడపడుచు తోటికోడలి తమ్ముడు. మా వైపు వరస కలపడానికి ఆ మాత్రం చాలు. ఒకప్పుడు ఊరి ప్రెసిడెంటుగా చేశాడు. దిగిపోయి చానా కాలమైనా ఊళ్ళో అందరికీ ఇంకా ప్రెసిడెంటే. మళ్ళీ నిలబడాలని చూస్తున్నాడు.

"అరెకరమేంది చెల్లెమ్మా, ఎకరం తీసుకో. మన చేలో సైన్సు జరుగుతుందంటే ఊరికే పేరు," అన్నాడు.

"నీళ్ళు ఆపమన్న రోజున ఆపాలన్నయ్యా. మోటారు నీ చేతిలో ఉంటుంది."

"నా మాట మీద నమ్మకం లేదా ఏంది?"

నమ్మకం ఉండబట్టే కదా కొంప మునిగింది.

ఏ మడిలో ఏది పెట్టాలో చీటీలు వేసి తీశాం. తీసింది నేనే. ఒకే రకం అంతా ఒకే పక్క పడకుండా రోడ్డు నుంచి లోపలికి వరసలు విడగొట్టి, వరసకు విడిగా చీటీలు తీయాలని ఏటా క్లాసులో పిల్లలకు చెప్పే మనిషిని. ఆ రోజు ఎండ మండిపోతోంది, పన్నెండు చీటీలూ ఒకే స్టీలు గిన్నెలో వేసి తీసేశాను. నీళ్ళు ఆపాల్సిన నాటు మిరప మడులు మూడింటిలో రెండు సరిగ్గా రోడ్డు పక్కన పడ్డాయి. మూడోది లోపల, కంప పక్కన పడింది. కంపెనీ మిరపవి మూడూ లోపలే.

నీళ్ళు ఆపాక ఆ పిల్ల సోమవారం, గురువారం బస్సెక్కి వెళ్ళి ఆకులు కోసి, తూకం వేసి, రాసుకుని వచ్చేది. మిగతా రోజుల్లో కాలేజీలో క్లాసులు. వారం తిరిగేసరికి కంపెనీ మిరప తలలు వేలాడేసింది. రోడ్డు పక్క నాటు మిరప మాత్రం కళకళలాడుతోంది! నీళ్ళు కట్టిన మడికీ కట్టని మడికీ తేడా లేదు. ఆ పిల్ల ఫోన్‌లో అరిచినంత పనిచేసింది. నాకూ కాళ్ళు నేలమీద ఆగలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా పేరున ఒక గొప్ప ఫలితం లేదు. రిటైరయ్యేలోపు పల్నాడు మిరపతో లోకాన్ని అదరగొడతానని స్టాఫ్ రూములో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

కంప పక్క మూడో మడి మాత్రం వాడి వడలిపోయింది. "దీన్నేం చేద్దాం మేడం?" అని అడిగింది ఆ పిల్ల. "వేరుకుళ్ళు పట్టి ఉంటుంది, పక్కన పెట్టెయ్," అన్నాను. వేరు పీకి చూశానా అంటే చూడలేదు. మనకు నచ్చని మొక్కకు తెగులు అంటగట్టడం ఎంత తేలికో ఆనాడే తెలిసింది. నిజం చెప్పిన మడి ఆ చేలో అదొక్కటే. దాన్ని వ్యాసంలోంచి నేనే బయటికి గెంటాను.

ఇక పేపరు రాయడం మొదలైంది. ఒక్క పేపరుకన్నా జర్నల్ అంగీకారం వస్తేనే థీసిస్ తీసుకుంటామని యూనివర్సిటీ నిబంధన. ఆ పిల్లకు అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. మూడోసారి లేదని రాతపూర్వకంగా ఇచ్చారు. ఎనిమిది నెలలున్నాయి. ఆలోపు అంగీకారం రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఐదేళ్ళ చదువు గోవిందా.

జర్నల్ వాళ్ళ నియమాలు మా మేనత్త పెళ్ళిచూపుల షరతుల కన్నా ఎక్కువ. సారాంశం ఇన్ని మాటల్లోనే ఉండాలి. వాడుకున్న పుస్తకాల పట్టికలో ఎక్కడ చుక్క పెట్టాలో, ఎక్కడ కామా పెట్టాలో వాళ్ళు చెప్పినట్టే పెట్టాలి. ఈ ఫలితంలో ఎవరి స్వార్థమూ లేదని ప్రమాణం రాయాలి. మేం నిబ్బరంగా రాసేశాం. చివరికి ఫోటోల దగ్గర ఆగింది. మూడో బొమ్మగా పెట్టిన ఫోటో స్పష్టంగా లేదని వెబ్‌సైట్ తీసుకోనంటోంది.

ఆ మూడో బొమ్మే మా పేపరుకు ప్రాణం. నీళ్ళు ఆపిన పదకొండో రోజు, రోడ్డు పక్క మడి, నిగనిగలాడే ఆకులు, తెల్లటి పూత. ఆ గురువారం ఆ పిల్లకు పరీక్షల డ్యూటీ పడితే అన్నయ్యనే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమంది. ఉన్న ఫోటోలన్నిట్లో అదే పచ్చగా ఉందని దాన్నే ఎంచుకున్నాం. వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి నాణ్యత తగ్గింది. సరే, పెళ్ళి ఆల్బంలు చేసే స్టూడియోకు పట్టుకెళ్ళాం.

స్టూడియో అతను పనిమంతుడు. పెద్ద స్క్రీన్ మీద ఫోటో తెరిచి, "ఆకులు ఇంకాస్త పచ్చగా చేయనా మేడం? పెళ్ళికూతుళ్ళనే తెల్లగా చేస్తన్నాం, ఇయ్యెంత," అన్నాడు.

"రంగు ముట్టుకోవద్దు నాయనా, సైజు పెంచు చాలు."

పెంచాడు. మూలకు జరిపాడు. "మరి ఈ పైపు తీసేయనా? మండపంలో చీపురుకట్టలు, చెప్పులు ఇట్టాగే తీసేస్తాం. రెండు నిమిషాల పని."

"ఏ పైపు?"

నీలం రంగు నీళ్ళ పైపు. మొక్కల మొదట్లో, నీడలో, పామల్లే పడుకుని ఉంది. దాని మూతి దగ్గర నేల నల్లగా తడిసి ఉంది. నీళ్ళు ఆపిన పదకొండో రోజున!

నేనూ ఆ పిల్లా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ మడికి ఎవరో నీళ్ళు పెడుతున్నారు. కంప పక్క మడి ఎందుకు ఎండిందో, రోడ్డు పక్కవి ఎందుకు ఎండలేదో అంతా తెలిసిపోయింది. ఐదేళ్ళ పని ఆ మూలన తడిసి ముద్దై కనపడింది.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. స్టూడియో అతను మౌసు మీద చెయ్యి పెట్టి నా వైపు చూస్తున్నాడు. మిగిలింది ఎనిమిది నెలలు. జర్నల్ వాళ్ళు జవాబు చెప్పడానికే నాలుగైదు నెలలు పడుతుంది. మళ్ళీ చేలో పంట వేసి చేసే టైము లేదు.

"తీసెయ్," అన్నాను.

అవును, నేనే అన్నాను. క్లాసులో నిజాయితీ గురించి గంటలు గంటలు ఉపన్యాసం దంచిన నోటితోనే అన్నాను.

"అన్నా, వద్దు, తీయొద్దు," అంది ఆ పిల్ల.

"ఏమే, మతి పోయిందా? ఐదేళ్ళు పోతాయే!"

"మా నాన్న కాలిపోయిన మోటారుకు రంగేసి ఇవ్వడు మేడం," అంది. అంటూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పెన్‌డ్రైవ్ తీసుకుని బయటికి నడిచింది. నాకు ముందు కోపం వచ్చింది. రోడ్డు మీదికి వచ్చాక సిగ్గేసింది. ఆ రెండూ ఆ వరసలోనే వస్తాయేమో.

మర్నాడు ఇద్దరం అన్నయ్య ఇంటికి పోయాం. ఫోటో చూపించాను.

"ఈ పైపు నాది కాదు," అన్నాడు నేనింకా ఏమీ అడగకముందే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నా కళ్ళారా చూశాను.

"అన్నయ్యా, ఎన్నిసార్లు పెట్టావు?"

"నేనేం పెట్టలా."

"అన్నయ్యా."

కాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత అంతెత్తున లేచాడు. "పెట్టాను! పెట్టక ఏం చేయమంటావు? ఆ రెండు మడులూ రోడ్డు మీదికే ఉన్నాయి. బస్సులో పోయే ప్రతోడూ తల బయట పెట్టి చూస్తన్నాడు. ప్రెసిడెంటు తోట ఎండిపోతంది, సొంత చేలోకే నీళ్ళు తెచ్చుకోలేనోడు ఊరికేం తెస్తాడు అని వాడు, నా ఎదుటి పార్టీ వాడు, టీ కొట్టు కాడ కూర్చుని అంటన్నాడు. ఎలక్షన్లు పెట్టుకుని నేను మొహం ఎక్కడ పెట్టుకోను? లోపలి మడులు ఎండనీ, ఎవడికి కనపడతాయి? అయ్యి నేను ముట్టుకోలా. ఒట్టు!"

ఆ పిల్ల మెల్లగా అడిగింది. "ఎన్ని తడులు పెట్టారు పెదనాన్నా? ఏ ఏ రోజుల్లో?"

"నువ్వు రాని రోజుల్లో తల్లీ. కొంచెం కొంచెమే పెట్టాను. గుర్తెవరికుంటది?" అని, ఆ పిల్ల మొహం చూసి మెత్తబడ్డాడు. "అయినా మొక్కను మాడగొట్టినందుకు డాక్టరు పట్టా ఇస్తారా ఎక్కడన్నా? సరేలే, రాసుకోండి. నీళ్ళే పెట్టలేదని రాసుకోండి. ఎవడొచ్చి అడిగినా ఊళ్ళో పాతిక మంది సాక్ష్యం చెప్తారు. ఇంకా కావాలంటే పక్కూరి నుంచి తెప్పిస్తా."

జర్నల్‌కు సాక్షులు పనికిరారని ఆయనకు నచ్చజెప్పడానికి రెండు కాఫీలు అయ్యాయి. మాకు కావాల్సింది తేదీలు. ఏ రోజు, ఎంతసేపు నీళ్ళు పెట్టారో ఖచ్చితంగా తెలిస్తే ఉన్నది ఉన్నట్టు రాసి, ఈ ప్రయోగంలో కొంతైనా మిగుల్చుకోవచ్చు. తేదీలు మాత్రం ఆయనకు గుర్తులేవు.

తిరిగి బస్సు కోసం నిలబడితే, ఎదురుగా పురుగుమందుల కొట్టులోంచి ఒకాయన పిలిచాడు. అన్నయ్య చెప్పిన ఎదుటి పార్టీ మనిషి ఆయనే. "మేడం గారూ, ఇట్రండి. నీళ్ళ సంగతి బయటపడిందా?" అని నవ్వాడు.

"మీకెట్లా తెలుసు?"

ఫోన్ తీసి చూపించాడు. ఐదు రోజులవి, పది ఫోటోలు. పదింట్లోనూ అన్నయ్య లుంగీ ఎగ్గట్టి పైపు పట్టుకుని ఉన్నాడు. ఫోటో ఫోటోకూ తేదీ, టైము. ప్రతి రోజుకూ పైపు వేసినప్పుడు ఒకటి, తీసినప్పుడు ఒకటి. "చదువుకునే పిల్లను కూడా మోసం చేసిన ప్రెసిడెంటు అని ఓట్లకు ముందు రోజు గ్రూపులో పెడదామని దాచా," అన్నాడు.

మహానుభావుడు! ముప్పై ఏళ్ళలో నా విద్యార్థులెవరూ ఇంత శ్రద్ధగా రికార్డు రాయలేదు. ఆ ఫోటోలు మాకిమ్మని అడిగితే బేరం పెట్టాడు. పేపరులో ఆయన పేరు వేయాలి. సరేనని, వెనక్కి వెళ్ళి అన్నయ్యకు చెప్తే ఆయన మండిపడ్డాడు. "వాడి పేరు వేస్తే నాదీ వేయాలి. అసలు ఈ సంగతి అచ్చులో వేస్తే నా పరువేం కావాలి?"

"ఇంగ్లీషులో వస్తుంది అన్నయ్యా. వేరే దేశం జర్నల్."

"ఇంగ్లీషా? అయితే వేసుకో. మనూళ్ళో ఎవడు చదివి చచ్చాడు."

తేదీలు దొరికాయి. ఇక ఎన్ని నీళ్ళు? మర్నాడు ఆ పిల్ల వాళ్ళ నాన్న కొట్టు కట్టేసి మాతో వచ్చాడు. అన్నయ్య మోటారు చూడగానే, "ఇది నేను చుట్టిన మోటారే," అన్నాడు. డ్రమ్ము తెచ్చి పైపు కింద పెట్టి, ఫోన్‌లో టైము చూసుకుంటూ మూడుసార్లు నింపి లెక్క చెప్పాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "సగానికి కోసిన ఆయిలు డబ్బాలు కొట్టు మీద బోలెడున్నాయి. చేలో టైము లేకపోతే డబ్బాల్లో వెయ్. నీళ్ళు నేను కొలిచి పోస్తా. నా తాళం, నా మేడ, ఎవడు పైపు పెడతాడో చూద్దాం," అన్నాడు.

మూడు నెలలు ఆ కొట్టు మేడ మీద మిరప పెరిగింది. కింద మోటార్ల రొద, పైన పూత. ఈసారి చీటీలు ఆ పిల్లే తీసింది, నన్ను గిన్నె దగ్గరికి రానివ్వలేదు. తేలిందేమిటంటే, నీళ్ళు బొత్తిగా ఆపేస్తే నాటు మిరప కూడా అన్ని మిరపల్లాగే చస్తుంది. కానీ మామూలుగా కట్టే నీళ్ళలో మూడో వంతు, అన్నయ్య దొంగచాటుగా పెట్టినన్ని పెడితే, కంపెనీ మిరప పూత రాల్చేసింది, నాటుది నిలుపుకుంది. ముసలి రైతు మాటలో సగం నిజం. లోకం అదరలేదు గానీ, ఎండాకాలం బోరు అడుగంటిన రైతుకు ఆ సగం నిజం చాలు.

పేపరు మొదటి నుంచి తిరగరాశాం. కంప పక్క మడిని సగౌరవంగా వెనక్కి పిలిచాం. మూడో బొమ్మలో పైపుతో సహా అదే ఫోటో వేసి, కింద బాణం గుర్తు పెట్టాం. తడుల తేదీలు ఎట్లా తెలిశాయో రాయాల్సిన చోట ఆ పిల్ల ఒక గంట తల పట్టుకుని చివరికి రాసింది. పొలం యజమానికి రాజకీయ ప్రత్యర్థి అయిన వ్యక్తి తీసిన ఫోటోల ఆధారంగా తడుల తేదీలు నిర్ధారించడమైనది అని. వెబ్‌సైట్‌లో ఎక్కించి ఆఖరి బటన్ నొక్కేటప్పుడు ఆ పిల్ల బిస్మిల్లా అంది, నేను వెంకటేశ్వరస్వామిని తలుచుకున్నాను. గడువుకు ఇంకా ఐదు నెలలున్నాయి.

నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆ పిల్ల రోజుకు పదిసార్లు మెయిలు చూసుకునేది. చిక్కి సగమైంది. అప్పుడొచ్చాయి పేపరు పరిశీలించినవాళ్ళ ప్రశ్నలు. అందులో ఒకాయన, ఏ దేశమో ఏమో, రాజకీయ ప్రత్యర్థి అబద్ధం చెప్పే అవకాశం లేదా అని అడిగాడు. అబద్ధం చెప్పే ఉద్దేశమే ఉంటే ఐదు తడులు కాదు, యాభై అని చెప్పేవాడని జవాబు రాశాం. ఇది మాత్రం నేనే రాశాను. దానికి మళ్ళీ ప్రశ్న రాలేదు.

గడువు ఇంకా పదకొండు రోజులుందనగా అంగీకారం వచ్చింది. ఆ పిల్ల స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పేపరు చివర కృతజ్ఞతల్లో అన్నయ్య పేరూ, పురుగుమందుల కొట్టు ఆయన పేరూ పక్కపక్కనే వచ్చాయి. అంతకుముందు ఆ రెండు పేర్లూ ఒకే కాగితం మీద కనపడింది పోలీసు స్టేషన్లోనే. ఎవరి పేరు ముందుందో చూసి చెప్పమని ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్ చేశారు. ఇంగ్లీషు అక్షరాల వరస అని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ నమ్మలేదు.

వైవా రోజు వచ్చింది. నా రిటైర్మెంటుకు ఇంకా నెల ఉంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేపరంతా చదివి వచ్చాడు. ఆ ఫోటోలో పైపును దాచకుండా వేయించింది ఎవరమ్మా అని అడిగాడు.

"మా మేడం సార్," అంది ఆ పిల్ల, రెప్ప వేయకుండా.

ఆయన నా వైపు తిరిగి, ఇట్లాంటి గైడ్లు ఈ రోజుల్లో అరుదు అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను లేచి, కాదండీ అనొచ్చు. అనలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, నమస్కారం కూడా పెట్టాను.

బయటికి వచ్చాక ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "ఎందుకే అట్లా చెప్పావు?"

"ఇంకా రెండు ఫారాల మీద మీ సంతకాలు కావాలి మేడం," అని నవ్వి, సంచిలోంచి ఫారాలు తీసింది.

పెట్టాను. ఇప్పుడు నేను రిటైరయ్యాను, ఆ పిల్ల డాక్టరైంది, నా సంతకంతో ఎవరికీ పనిలేదు. అందుకని రాస్తున్నాను. తీసెయ్యమన్నది నేను. వద్దన్నది ఆ పిల్ల.